పైత్యం డ్రైన్‌తో ఇంటికొచ్చాక: ఏ ట్యూబ్, ఏ బ్యాగ్, ఏ డ్రెస్సింగ్, ఏం తిండి

అమ్మని డిశ్చార్జ్ చేసిన రోజు చేతిలో పెట్టిన కాగితంలో డ్రైన్ గురించి, అంటే లివర్లోని పైత్యాన్ని బయటికి తీసే ట్యూబ్ గురించి ఉన్నవి రెండే ముక్కలు, రోజూ ఫ్లష్ చేయండి (సిరంజితో సెలైన్ పంపి ట్యూబ్ కడగండి), జ్వరం వస్తే రండి అని. అంతే. కుడి పక్కటెముకల మధ్య నుంచి సన్న ట్యూబ్ ఒకటి బయటికొచ్చి ఉంది, దాని చివర త్రీ వే అనే చిన్న ప్లాస్టిక్ కొళాయి, దానికి యూరిన్ బ్యాగ్, అందులో ముదురు ఆకుపచ్చగా పైత్యం. ఆ బ్యాగ్‌ని మెడికల్ షాపు వాళ్ళిచ్చిన కవర్లో పెట్టుకుని హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా కారులో కాళ్ళ దగ్గర పట్టుకునే కూర్చుంది. ఇంటికొచ్చాక మొదలయ్యాయి అసలు డౌట్లు. బ్యాగ్ ఎక్కడ తగిలించాలి, ఏ పక్కకి పడుకోవాలి, స్నానం ఎట్లా, చీర కట్టొచ్చా, కూరలో ఉప్పు వేయొచ్చా, ఇవన్నీ అడిగితే ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్పారు, నర్సు ఒకటి, మెడికల్ షాపాయన ఇంకోటి, మా పెద్దమ్మ మూడోది. నాలుగు నెలలు పడ్డాక ఏది మంచిదో ఏది కాదో కొంచెం అర్థమైంది, అది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మీ వాళ్ళకి వేసిన ట్యూబ్ సంగతి వేసిన డాక్టరుకే బాగా తెలుసు, ఇక్కడ చదివింది వాళ్ళని అడగడానికి పనికొస్తే చాలు.

ముందు అసలు సంగతి రెండు మాటల్లో. మన లివరు రోజుకి 500 నుంచి 1000 ఎమ్ఎల్ దాకా పైత్యరసం తయారు చేస్తుంది, అది నాళాల్లోంచి పేగులోకి దిగాలి. గడ్డ వల్లో, రాయి వల్లో, గాల్‌బ్లాడర్ ఆపరేషన్లో నాళం దెబ్బతినో దారి మూసుకుపోతే పైత్యం వెనక్కి తన్ని కామెర్లు వస్తాయి, ఒళ్ళంతా దురద, మూత్రం కోలా రంగు, మోషన్ సున్నం కలిపినట్టు తెల్లగా. ఇది పసరు మందుతో పోయే కామెర్ల రకం కాదు. మా ఊళ్ళో ఇప్పటికీ చేతి మీద వాత పెట్టేవాళ్ళు ఉన్నారు, మా వాళ్ళూ రెండు వారాలు ఆకు పసరు తాగించారు, ఆ రెండు వారాల్లో బిలిరుబిన్, అంటే రక్తంలో కామెర్ల కొలత, 9 నుంచి 17కి పోయింది. పైపు మూసుకుపోయినప్పుడు పైపు తెరవాల్సిందే.

తెరవడానికి మామూలుగా మొదట చూసేది ఈఆర్‌సీపీ, నోటి నుంచి ఎండోస్కోప్ పంపి స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం పెట్టడం. అది కుదరనప్పుడు, లేదా అడ్డం బాగా పైన, కుడి ఎడమ నాళాలు కలిసే కూడలి దగ్గర ఉన్నప్పుడు, చర్మంలోంచి సూది పెట్టి లివర్లోకి పోయి ట్యూబ్ వేస్తారు, దాన్నే పీటీబీడీ అంటారు. వేసేది ఎక్కువగా ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్ళు, అంటే స్కాన్‌లో చూస్తూ సూదితో చికిత్స చేసే డాక్టర్లు. మీ దగ్గరున్నది గాల్‌బ్లాడర్లోకే వేసిన ట్యూబో, ఆపరేషన్ తర్వాత పెట్టిన టీ ట్యూబో అయితే కొన్ని రూల్స్ మారతాయి, ఇక్కడ చెప్పేది పీటీబీడీ గురించే.

బయటికి మాత్రమేనా, లోపలికి కూడానా

డిశ్చార్జ్ అయ్యే ముందు అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న ఇదే, మేము అడగలేదు, వారం తర్వాత తెలిసింది. పీటీబీడీ ట్యూబ్ రెండు రకాలు. ఒకటి ఎక్స్‌టర్నల్, దాని కొన అడ్డానికి పైనే ఆగిపోతుంది, పైత్యం మొత్తం బ్యాగ్‌లోకే. రెండోది ఇంటర్నల్ ఎక్స్‌టర్నల్, ఇది పొడుగ్గా ఉండి అడ్డాన్ని దాటి పేగులోకి పోతుంది, పక్కల చిల్లులు అడ్డానికి పైనా కిందా కూడా ఉంటాయి, కాబట్టి పైత్యం లోపలికీ పోగలదు, బయటికీ రాగలదు. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే అడగాలి.

రోజువారీ బతుకులో ఈ రెండింటికీ చాలా తేడా. ఎక్స్‌టర్నల్ అయితే దాన్ని ఎప్పుడూ మూయకూడదు, మూస్తే పైత్యానికి వేరే దారి లేదు. రోజూ అంత నీరు, ఉప్పు, పైత్య లవణాలు ఒంట్లోంచి పోతూనే ఉంటాయి, నీరసం, బీపీ పడిపోవడం, కిడ్నీ మీద భారం. పేగులోకి పైత్యం చేరకపోతే కొవ్వు అరగదు, కొవ్వుతో కలిసి ఒంటికి పట్టే ఏ, డీ, ఈ, కే విటమిన్లు పట్టవు, కే తగ్గితే రక్తం గడ్డకట్టడం ఆలస్యం అవుతుంది, అందుకే మాటిమాటికీ ఐఎన్ఆర్ టెస్ట్ రాస్తారు, విటమిన్ కే ఇంజెక్షన్ ఇస్తారు. ఎక్స్‌టర్నల్‌కి ఓ మంచి కూడా ఉంది, పేగులోంచి క్రిములు పైకి ఎక్కే దారి అందులో ఉండదు.

ఇంటర్నల్ ఎక్స్‌టర్నల్ అయితే బిలిరుబిన్ దిగి, ఇన్ఫెక్షన్ లేదని చూశాక డాక్టరు బ్యాగ్ తీసేసి చిన్న క్యాప్ పెట్టమనొచ్చు. అప్పుడు పైత్యం దాని దారిన పేగులోకి పోతుంది, మోషన్ రంగు మళ్ళీ వస్తుంది, ఆకలి పుడుతుంది, మనిషి చేతిలో సంచీ లేకుండా నడుస్తాడు. కష్టం ఏంటంటే ట్యూబ్ పేగుకి తగిలి ఉంది కాబట్టి క్రిములు పైకి వచ్చే అవకాశం ఎక్కువ, ట్యూబ్ పూడిపోతే చలి జ్వరం వచ్చేస్తుంది. క్యాప్ పెట్టాక జ్వరం, నొప్పి, ట్యూబ్ పక్కనుంచి కారడం, ఈ మూడిట్లో ఏది వచ్చినా క్యాప్ తీసి బ్యాగ్ తగిలించి ఆసుపత్రికి ఫోన్ చేయాలి, పొద్దున చూద్దాం అనుకోకూడదు. క్యాప్ పెట్టినా బ్యాగ్ పారేయొద్దు అనేది అందుకే.

మూడోది పూర్తిగా లోపల ఉండే స్టెంట్, బయట ఏమీ వేలాడదు. ప్లాస్టిక్ స్టెంట్ సుమారు మూడు నెలలకి పూడిపోతుంది, మార్చాలి. మెటల్ స్టెంట్ విప్పుకుంటే 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు, కాబట్టి ఎక్కువకాలం తెరిచి ఉంటుంది. బయట ట్యూబ్ సైజు ఫ్రెంచ్‌లో చెప్తారు, 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటరు, మాకు ముందు వేసింది 8, అంటే మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, ఆ సన్న గొట్టం పూడకుండా కాపాడటానికే ఈ ఫ్లష్షుల గోలంతా. కాకపోతే తొడుగు లేని మెటల్ స్టెంట్ ఒకసారి పెడితే తీయడం దాదాపు కుదరదు, అందుకే గడ్డ కాదు, మామూలు నాళం ఇరుకే అని తేలినవాళ్ళకి, ఇంకా బయాప్సీ తేలనివాళ్ళకి, ఆపరేషన్ చేసే ఆలోచన ఉన్నవాళ్ళకి అది పెట్టడానికి డాక్టర్లు వెనకాడతారు. తొందరపెట్టి పెట్టించుకునేది కాదు.

నా అభిప్రాయం అడిగితే, బ్యాగ్‌లోకి పోయే పైత్యం మనిషి ఒంట్లోంచి పోతున్న సొత్తు, దాన్ని లోపలికి మళ్ళించే వీలు ఎప్పుడు దొరికితే అప్పుడు మళ్ళించమని అడగాలి. మాకు మొదటిసారి ట్యూబ్‌కి దారి చూపే సన్న వైరు అడ్డాన్ని దాటలేదు, అందుకని ఎక్స్‌టర్నల్ పెట్టి వదిలేశారు. నాళాల వాపు తగ్గాక రెండోసారి ప్రయత్నిస్తే దాటొచ్చు అన్న మాట అప్పుడు మాకెవరూ చెప్పలేదు. నేను పట్టుకుని మళ్ళీ ఎప్పుడు ట్రై చేస్తారు సార్ అని అడిగితే రెండో వారంలో డేట్ ఇచ్చారు, ఈసారి దాటింది, 10 ఫ్రెంచ్ ఇంటర్నల్ ఎక్స్‌టర్నల్ పడింది. అందరికీ దాటుతుందని చెప్పలేను, అడగడంలో మాత్రం తప్పు లేదు.

కుడి పక్కా, ఎడమ పక్కా

ఇది మన చేతిలో ఉండేది కాదు, ఏ వైపు నాళాలు ఉబ్బి ఉంటే ఆ వైపు వేస్తారు. కానీ రెండు వైపులా కుదిరే కేసు అయితే అడగొచ్చు. కుడి వైపు ట్యూబ్ పక్కటెముకల మధ్య నుంచి వస్తుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా, దగ్గినప్పుడల్లా గుచ్చుతుంది, ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, తన డ్రెస్సింగ్ తనకే కనపడదు. ఎడమ వైపుది పొట్ట పైభాగంలో రొమ్ము ఎముక కింద నుంచి వస్తుంది, ఊపిరితో పెద్దగా లాగదు, అద్దం లేకుండానే తన ట్యూబ్ తాను చూసుకోవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

బట్టల సంగతి కూడా ఇక్కడే. లంగా నాడా సరిగ్గా ట్యూబ్ వెళ్ళే దారి మీద బిగుసుకుంటే ట్యూబ్ నలిగి పైత్యం ఆగిపోతుంది. అమ్మ చీర మానదు, చివరికి నాడా లంగాకి బదులు వెడల్పు ఎలాస్టిక్ లంగా కుట్టించి, దాన్ని బొడ్డు కిందకి కట్టుకునేది, ఇంట్లో అయితే ముందు జిప్ ఉన్న నైటీ. మగవాళ్ళకి లుంగీ, ముందు గుండీలున్న వదులు చొక్కా, బెల్టు వద్దు.

ఏ బ్యాగ్

మన దగ్గర చాలామందికి తగిలించేది 2 లీటర్ల యూరో బ్యాగే, అంటే ఆ యూరిన్ బ్యాగే, చవక, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, వెనక్కి పోకుండా వాల్వ్ ఉంటుంది, కింద తిప్పి ఖాళీ చేసే ట్యాప్ ఉంటుంది, మీద గీతలుంటాయి. పడుకున్నప్పుడు దీనంత సుఖం ఇంకోటి లేదు. నడిచేటప్పుడు మాత్రం నరకం, పొడుగు ట్యూబ్ కుర్చీ చేతికి చిక్కుకుంటుంది, తలుపు గొళ్ళేనికి తగులుకుంటుంది, సగం నిండితే కిలో బరువు నేరుగా లివర్లో ఉన్న ట్యూబ్‌ని లాగుతుంది. లెగ్ బ్యాగ్ అని ఇంకోటి ఉంది, 500 నుంచి 750 ఎమ్ఎల్ పడుతుంది, తొడకి రెండు పట్టీలతో కట్టుకుంటారు, చీర కిందో ప్యాంటు కిందో కనపడదు. గుడికి, పెళ్ళికి, బ్యాంకుకి పోవాలంటే ఇదే. రోజుకి ముప్పావు లీటరు పోయేవాళ్ళు దాన్ని రెండు మూడుసార్లు ఖాళీ చేయాలి, పట్టీ బిగిస్తే చర్మం ఒరుస్తుంది, ఎండాకాలం చెమటకి మరీను.

మేము చేసింది పగలు లెగ్ బ్యాగ్, రాత్రి పెద్ద బ్యాగ్. కానీ పగలూ రాత్రీ మారుస్తున్నామంటే రోజుకి రెండుసార్లు జాయింట్ విప్పుతున్నట్టు, విప్పిన ప్రతిసారీ క్రిములకి దారి ఇచ్చినట్టే. అందుకని చేతులు సబ్బుతో కడుక్కుని, జాయింట్‌ని స్పిరిట్ దూదితో తుడిచి, మూత ఉన్న బ్యాగులే వాడాం. బయటికి పోని మనిషి అయితే నా సలహా, ఒకే పెద్ద బ్యాగ్ ఉంచుకోండి, దానికి పొడుగు పట్టీతో గుడ్డ సంచీ కుట్టించి భుజం మీద నుంచి అడ్డంగా వేసుకోండి. పాత చీరతో మా టైలరు రెండు సంచులు కుట్టిచ్చాడు, చూసినవాళ్ళు అది హ్యాండ్ బ్యాగే అనుకున్నారు.

బ్యాగ్ ఏదైనా మూడు పనులు తప్పవు. ఎప్పుడూ ట్యూబ్ బయటికొచ్చిన చోటు కంటే కిందే ఉండాలి, మంచం మీద మనిషి పక్కన పెట్టకూడదు, మంచం కోళ్ళకి మేకో కొక్కెమో పెట్టి వేలాడదీయాలి, నేలకి తగలకూడదు. సగం నిండకముందే ఖాళీ చేయాలి. లాగుడు చర్మం మీద ఆగాలి కానీ కుట్టు మీద పడకూడదు, అంటే ట్యూబ్‌ని కొంచెం వదులుగా ఒక వంపు తిప్పి పొట్ట మీద ప్లాస్టర్ వేయాలి. ఇంకో మాట, ఆపరేషన్ గాయాలకి పెట్టే నొక్కి గాలి తీసే సక్షన్ డబ్బా లాంటిది డాక్టరు చెప్పకుండా దీనికి తగిలించొద్దు, ఇది పల్లానికి తనంతట తాను కారాల్సిందే.

ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజూ ఒకే టైముకి ఎంత వచ్చింది, ఏ రంగు, టెంపరేచర్ ఎంత. బంగారు పసుపు నుంచి ముదురు ఆకుపచ్చ దాకా ఏదైనా మామూలే. వేసిన ఒకటి రెండు రోజులు లేత ఎరుపు కలిసి ఉన్నా కంగారు లేదు, తర్వాత ఎర్రటి రక్తమో రక్తపు గడ్డలో కనపడితే వెంటనే వెళ్ళిపోవాలి. ఉన్నట్టుండి తగ్గిపోతే ముందు ట్యూబ్ మడత పడిందా, త్రీ వే మూసుకుందా చూసి, అవి బాగానే ఉంటే ఫోన్ చేయాలి. ఇంటర్నల్ ఎక్స్‌టర్నల్ ఉన్నవాళ్ళకి లీటరున్నర రెండు లీటర్లు వస్తుంటే అందులో పేగు నీళ్ళు కూడా వెనక్కి వస్తున్నాయేమో చూస్తారు, అదీ ఫోన్ చేసే విషయమే.

ఫ్లష్ ఎవరు చేయాలి

ఇంట్లోవాళ్ళా, ఇంటికొచ్చే నర్సా, వీధి చివర ఆర్ఎంపీనా. నర్సు రోజూ వస్తే ఖర్చు, పండగ రోజు రాదు. ఆర్ఎంపీ విషయంలో మాకు తగిలింది, ఆయన మంచోడే, కానీ సిరంజి పెట్టి ముందు వెనక్కి లాగాడు, బ్లాక్ ఏమైనా ఉంటే వచ్చేస్తుందమ్మా అని. ఆ రాత్రికే అమ్మకి చలితో వణుకు. దాని వల్లే అని నిరూపించలేను గానీ తర్వాత ఆసుపత్రిలో అడిగితే ఎప్పుడూ వెనక్కి లాగకండి, పేగులో ఉన్న మురికంతా నాళాల్లోకి వస్తుంది అన్నారు.

కాబట్టి ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి, డిశ్చార్జ్ ముందు నర్సు ఎదురుగా మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. మాకు చెప్పింది 10 ఎమ్ఎల్ స్టెరైల్ సెలైన్, కొందరికి 5 చెప్తారు, కొందరికి రోజుకి రెండుసార్లు, మీ డాక్టరు చెప్పిందే మీకు లెక్క. మెల్లగా తోయాలి, నొప్పి వచ్చినా సిరంజి మొరాయించినా ఆపేయాలి, బలంగా తోస్తే పూడిక పోతుందనుకోవడం తప్పు. కాచిన నీళ్ళు పనికిరావు. సెలైన్ 100 ఎమ్ఎల్ సీసా తెరిచి వారం వాడేవాళ్ళని చూశా, వద్దు, చిన్న 10 ఎమ్ఎల్ ఆంప్యూల్స్ అడగండి, తెరిచాం వాడాం పారేశాం.

త్రీ వే దగ్గర అందరం పొరబడతాం. కొన్నిట్లో పిడి చూపించే వైపు మూసినట్టు, కొన్నిట్లో గీతలు చూపించే వైపు తెరిచినట్టు. మీది ఏదో నర్సు దగ్గరే తేల్చుకుని, బ్యాగ్‌లోకి తెరిచి ఉన్న పొజిషన్‌కి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకోండి. రాత్రి రెండింటికి కరెంటు లేనప్పుడు ఫోన్ లైటు వెలుగులో ఆ ఎర్ర చుక్కే నన్ను కాపాడింది.

డ్రెస్సింగ్, స్నానం

గాజ్ మీద మైక్రోపోర్ అనే కాగితం లాంటి ప్లాస్టర్ వేయడం ఒక పద్ధతి, పారదర్శకంగా ఉండే టెగాడెర్మ్ లాంటి ఫిల్మ్ ఇంకో పద్ధతి. ఫిల్మ్ లోపల ఎర్రబడిందా చీము పట్టిందా తెరవకుండానే కనపడుతుంది, బయటి తడి లోపలికి పోదు, చెమట లేకపోతే వారం దాకా ఉంటుంది. గాజ్ కారింది పీల్చుకుంటుంది, చవక, కానీ తడిసినా మురికైనా అప్పుడే మార్చాలి. ఖమ్మంలో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిందే, ఏసీ లేని ఇంట్లో ఫిల్మ్ రెండో రోజుకి ఊడి వచ్చేది, కింద చెమట పొక్కులు. అందుకని వేసవిలో గాజ్, వానలు పడ్డాక ఫిల్మ్. డైనాప్లాస్ట్ అనే సాగే ప్లాస్టర్ గట్టిగా పట్టుకుంటుంది గానీ తీసేటప్పుడు ముసలివాళ్ళ చర్మం పొరలు పొరలుగా లేస్తుంది, లోపల మైక్రోపోర్ వేసి దాని మీదే వేయండి. మార్చేటప్పుడు చర్మం దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో గీత గీసి పెట్టుకుంటే అది జరిగిందా లేదా తెలుస్తుంది.

ట్యూబ్ పక్కనుంచి పైత్యం కారి చర్మం మండుతుంటే పైన క్రీములు పూస్తూ కూర్చోవద్దు. కారుతుందంటే లోపల పూడిందనో కొంచెం బయటికి జరిగిందనో అర్థం, ముందు అది చూపించాలి. ఈలోగా చర్మానికి జింక్ ఆక్సైడ్ క్రీము, బాగా కారుతుంటే స్టోమా బ్యాగ్‌ని (చర్మానికి అతికే సంచీ) చుట్టూ అతికించడం, ఈ రెండూ నర్సులు చెప్పినవే.

స్నానానికి షవర్ కంటే మన బకెట్ మగ్గే మేలు, నీళ్ళు ఎక్కడ పడాలో మన చేతిలో ఉంటుంది. మొదటి రెండు రోజులు తడిగుడ్డతో తుడవడమే. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, ట్యూబ్ చోట వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టి అంచులకి ప్లాస్టర్ వేసి, బ్యాగ్‌ని బకెట్ పక్కన కొక్కేనికి తగిలించి, తల వేరే రోజు, ఒళ్ళు వేరే రోజు. చెరువు, కాలవ, స్విమ్మింగ్ పూల్, పుష్కర స్నానం అన్నీ బంద్. మా పెద్దమ్మ గోదావరి నీళ్ళు తెచ్చి చల్లింది, తల మీద మాత్రమే చల్లనిచ్చాం.

చప్పిడి పత్యమా, ఉప్పూ కారమా

ఇంట్లో గొడవ జరిగేది ఎక్కడంటే ఇక్కడే. కామెర్లంటే మనకి చప్పిడి కూడు, ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు, మజ్జిగన్నం మాత్రమే. కామెర్లలో పసుపు తింటే ఒళ్ళు ఇంకా పచ్చబడుతుందనేది వట్టి మాట, ఆ పచ్చదనం బిలిరుబిన్‌ది. ఉప్పు సంగతి మాత్రం సీరియస్. పైత్యంలో సోడియం దాదాపు రక్తంలో ఉన్నంత ఉంటుంది. రోజుకి 800 ఎమ్ఎల్ బ్యాగ్‌లోకి పోతుందంటే ఆరేడు గ్రాముల ఉప్పు, టీస్పూను పైమాటే, బయటికి పోతున్నట్టు. ఒకపక్క అంత పోతుంటే ఇంకోపక్క చప్పిడి పెడితే ఏమవుతుంది? మాకు అయింది. పదో రోజుకి అమ్మ మాట తడబడింది, నిలబడితే కళ్ళు తిరిగాయి, మేమంతా లివరు పోయిందనుకున్నాం, టెస్ట్ చేస్తే రక్తంలో సోడియం 121కి పడిపోయింది. మూడు రోజులు అడ్మిషన్, సెలైన్.

అందుకని ఎక్స్‌టర్నల్ డ్రైన్ ఉన్నన్నాళ్ళు చప్పిడా ఉప్పా అంటే నేను ఉప్పు వైపే, అయితే పొట్టలో నీరు చేరినవాళ్ళు, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఒక్క చిటికెడు కూడా పెంచొద్దు. పోయిన నీళ్ళకి బదులు ఏం తాగాలి అంటే, ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్ళు మూడూ చెప్తారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి పోయిన దానికి అది సరైన బదులు కాదు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ప్రమాదం కూడా. మజ్జిగ మంచిదే, ఉప్పు ఎంత వేశామో లెక్క ఉండదు. ఓఆర్ఎస్ అయితే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి, పెద్దది లీటరుకి, చిన్నది 200 ఎమ్ఎల్‌కి, ప్యాకెట్ మీద చూసి కలపండి. అట్టపెట్టె డ్రింకులు ఓఆర్ఎస్ పేరుతో అమ్మేవాళ్ళు కదా, వాటిలో చక్కెరే ఎక్కువ, దాని మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అట్లా వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది.

నూనె పూర్తిగా మానేస్తే బలం ఎక్కడినుంచి వస్తుంది, అసలే సన్నబడుతున్న మనిషి. వేపుళ్ళు, గారెలు, మటన్ పులుసు ఒకేసారి పెడితే మోషన్ జిడ్డుగా తేలుతుంది, అది పడట్లేదని గుర్తు. కొంచెం కొంచెం ఆరుసార్లు పెట్టడం, గుడ్డు తెల్లసొన, పప్పు, చేప, ఇడ్లీ, అరటిపండు, ఇట్లా నడిపాం. పైత్యం లేకుండానే అరిగే ఎంసీటీ అనే రకం కొవ్వు ఉంది, అవసరమైతే డైటీషియన్ రాస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో బ్యాగ్‌లో పడ్డ పైత్యాన్నే మళ్ళీ ముక్కు ట్యూబ్ ద్వారా పేగులోకి ఎక్కిస్తారు, వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా దాని వెనక లెక్క ఇదే, పోయిన సొత్తు తిరిగి ఇవ్వడం. ఇంట్లో సొంతంగా చేసేది మాత్రం కాదది.

బస్సా, ట్రైనా, కారా

ట్యూబ్ రెండు మూడు నెలలకోసారి మార్చాలి, పూడకపోయినా సరే. మాకు ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. బస్సులో కుదుపు, కింద బ్యాగ్‌ని ఎవరో తొక్కుతారనే భయం, ఖాళీ చేయడానికి చోటు లేదు. కారులో ఎక్కడంటే అక్కడ ఆపొచ్చు, సీటు బెల్టు మాత్రం ట్యూబ్ మీద పడకుండా మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టాలి. డబ్బులు చూసుకుంటే ట్రైనే మంచిది, లోయర్ బెర్త్, పక్కనే బాత్రూం, కుదుపు తక్కువ, మేము మూడుసార్లు ట్రైన్లోనే పోయాం. ఆటో, బైకు మాత్రం వద్దే వద్దు. సంచీలో స్పేర్ బ్యాగ్, క్యాప్, రెండు సిరంజిలు, సెలైన్, గాజ్, ప్లాస్టర్, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ట్యూబ్ మార్చడానికి అది వర్తిస్తుందో లేదో డేట్ తీసుకునేటప్పుడే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, స్ట్రెచర్ మీద పడుకున్నాక కాదు.

అర్జెంటుగా ఎక్కడికి పోవాలనేది కూడా ముందే తేల్చుకోవాలి. చలితో వణుకుతూ 100.4 దాటిన జ్వరం అంటే నాళాల్లో ఇన్ఫెక్షన్, అది గంటల్లో ముదురుతుంది, అప్పుడు ట్యూబ్ వేసిన పెద్దాసుపత్రి దాకా నాలుగు గంటలు ప్రయాణం చేయకండి, ట్యూబ్‌ని బ్యాగ్‌లోకి తెరిచి పెట్టి, దగ్గర్లో ఐసీయూ ఉన్నచోట యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, అక్కడినుంచి పెద్దాసుపత్రికి ఫోన్ చేయించండి. ట్యూబ్ ఊడి బయటికొచ్చేస్తే మాత్రం ఆ రోజే వేసినచోటికి పోవాలి, ఎందుకంటే చర్మంలో ఉన్న దారి త్వరగా మూసుకుపోతుంది, దారి ఉండగానే పోతే అందులోంచే కొత్తది పెట్టే వీలు ఉండొచ్చు. ఊడిన ట్యూబ్‌ని లోపలికి తోయకండి, సగం జరిగినా తోయకండి, ఉన్నది ఉన్నట్టు ప్లాస్టర్ వేసి, చిల్లు మీద గాజ్ పెట్టి బయలుదేరండి.

అమ్మకి పదకొండో వారంలో బిలిరుబిన్ 2 లోపుకి దిగాక క్యాప్ పెట్టారు. ఇప్పుడు చీర కింద వేలెడు ట్యూబ్, దాని మీద చిన్న తెల్ల మూత. మంచం కోడుకి కొట్టిన మేకు అట్లాగే ఉంది, కవర్ విప్పని కొత్త యూరో బ్యాగ్ ఒకటి దానికే తగిలించి పెట్టింది, దుమ్ము పడకుండా ఆదివారం ఆదివారం తనే తుడుస్తుంది.